ట్రయల్ కాగితం చూసి పారిపోకండి

నేను పొడుగ్గా రాస్తానని గ్రూపులో చాలామందికి ఫిర్యాదు ఉంది. ఈసారి ఇంకా పొడుగు. ఓపిక లేనివాళ్ళు ఇప్పుడు వదిలేసి ఆదివారం చదవండి, కానీ చదవండి.

మంగళవారం రాత్రి మన గ్రూపులో ఒక పెద్దాయన మెసేజ్ పెట్టారు. పేరు రాయను, అందరికీ తెలుసు. "ట్రయల్ అంటే ఏంది? మందు పనిచేస్తదో లేదో తెల్వక మన మీద పోసి చూసుడు. గరీబోళ్ళు దొరికిన్రని ఎలుకలను చేస్తరు. ఎవ్వరు సంతకం పెట్టొద్దు." దాని కింద 43 మంది బొటనవేలు గుర్తు పెట్టారు. ఆ 43 మందిలో ఒక్కరైనా, ఆ మెసేజ్ ఎవరి ఇంటి గురించో ఆలోచించారా? విడి ఘర్‌కుల్‌లో ఉన్న మన మనిషికి లింఫోమా మూడోసారి తిరగబెట్టింది. డాక్టరు ఒక కొత్త వైద్యం ట్రయల్ గురించి చెప్పి కాగితం చేతికిచ్చాడు. ఆయన భార్య బీడీలు చుట్టే మనిషి. ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. మరునాడు మీ మెసేజ్ చూసి కాగితం మడిచి దాచేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

కిందటేడు ఇలాగే అయింది. టవల్ సాంచాల మీద పనిచేసే ఆయన కొడుకు, 19 ఏళ్ళు, రక్త క్యాన్సర్. కీమో అయ్యాక బాగయ్యాడు, మళ్ళీ వచ్చింది. ఒక ట్రయల్‌లో అడిగి చూద్దామని డాక్టరు అన్నాడట. అప్పుడు కూడా మన వాళ్ళే "వద్దు, వద్దు" అన్నారు. ఎవరో ఆకు మందు ఇచ్చే మనిషి దగ్గరికి తీసుకుపోయారు. మూడు నెలలు, దగ్గర దగ్గర రెండు లక్షలు. తిరిగి ఆసుపత్రికి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్, ఇక ఏ ట్రయల్‌కీ పనికిరాని స్థితి. ట్రయల్‌కి వెళ్ళి ఉంటే బతికేవాడని నేను అనడం లేదు. అలా అనే హక్కు ఎవరికీ లేదు. కానీ అడగకుండానే తలుపు మూసింది మనం. దశదిన కర్మకు అందరం వెళ్ళాం.

ఇంతకీ ఆ వైద్యం ఏమిటో తెలుసుకొని తర్వాత తిట్టండి. దాన్ని కార్-టి అంటారు. మన రక్తంలో టి కణాలు అని కాపలా కణాలు ఉంటాయి. క్యాన్సర్ కణం మన ఒంట్లోదే కాబట్టి వాటి కన్నుగప్పి తిరుగుతుంది. రోగి రక్తాన్ని ఒక యంత్రం గుండా నడిపి టి కణాలను వేరుచేసి, మిగతా రక్తం తిరిగి ఎక్కిస్తారు. ల్యాబులో, హాని చేయకుండా చేసిన ఒక వైరస్ ద్వారా ఆ కణాల్లోకి కొత్త జన్యువు పంపుతారు. మన చద్దర్ల మగ్గం మీద జకార్డు అట్టలు మారిస్తే అదే మగ్గం వేరే పువ్వు నేస్తుంది కదా, అలాంటిదే అనుకోండి. కణం పాతదే, దానికి ఇచ్చిన అట్ట కొత్తది. ఇప్పుడది సిడి19 అనే గుర్తు ఉన్న కణాన్ని చూస్తే పట్టుకొని చంపుతుంది. అలాంటి కణాలను కోట్లలో పెంచి, రోగికి మూడు రోజులు కీమో ఇచ్చి చోటు చేసి, ఒక సంచిలోంచి ఎక్కిస్తారు. ఎక్కించడానికి అరగంట కూడా పట్టదు. అసలు కష్టం ఆ తర్వాత.

తర్వాత ఏమవుతుందో దాచకూడదు. కణాలు పని మొదలుపెడితే ఒళ్ళంతా మంట పెట్టినట్టు జ్వరం, బీపీ పడిపోవడం, కొందరికి మతి తప్పడం. 2012లో అమెరికాలో ఫిలడెల్ఫియా ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పాపకు ఈ వైద్యం చేశారు. పిల్లల్లో ఆ పాపే మొదటిది. ఐసీయూలో చావు అంచుకు వెళ్ళింది. అప్పుడు ఒక డాక్టరుకు కీళ్ళవాతానికి వాడే టోసిలిజుమాబ్ అనే మందు గుర్తొచ్చింది. అది ఇచ్చాక కోలుకుంది. పదేళ్ళు దాటినా ఆ అమ్మాయికి క్యాన్సర్ తిరిగి రాలేదు. ఈ రోజు ఆ జ్వరం వస్తే ప్రపంచమంతా అదే మందు ఇస్తున్నారు. ఆ తల్లిదండ్రులు ట్రయల్ కాగితం మీద సంతకం పెట్టకపోతే ఈ సంగతి ఎవరికి తెలిసేది?

ఇక మన దేశం సంగతి. ఐఐటీ బొంబాయిలో రాహుల్ పుర్వార్ గారి బృందం, టాటా మెమోరియల్ డాక్టర్లు కలిసి ఇక్కడే కణాలు తయారుచేశారు. 2021 జూన్ 4న ఖార్ఘర్‌లోని టాటా వారి ఆక్ట్రెక్‌లో మొదటి రోగికి ఎక్కించారు. 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఐఐటీలో ప్రారంభించారు. మందు పేరు నెక్స్‌కార్19. ఆ రోజు మన గ్రూపులో "క్యాన్సర్‌కు భారతీయ మందు వచ్చేసింది, అన్ని క్యాన్సర్లూ నయం" అని ఫార్వర్డ్ చేసింది కూడా ఈ 43 మందిలో ఉన్నవాళ్ళే! ఆ రోజు అది దేవుడు పంపిన మందు, ఈ రోజు ఎలుకల ప్రయోగం. రెండూ తప్పే.

నేను గుమస్తాను, నాకు అంకెలు కావాలి. ఆ ట్రయల్ ఫలితాలు 2025లో లాన్సెట్ హెమటాలజీ పత్రికలో వచ్చాయి. కణాలు తీసుకున్నవాళ్ళు 64 మంది. అందరూ మామూలు మందులు పనిచేయక, లేదా రోగం తిరగబెట్టి వచ్చినవాళ్ళే. పనితనం లెక్కకట్టగలిగింది 51 మందిలో. వాళ్ళలో 37 మందికి, అంటే 73 శాతం మందికి, రోగం వెనక్కి తగ్గింది. వైద్యం వల్లనే చనిపోయారని తేలినవాళ్ళు ఇద్దరు. తగ్గింది అంటే జీవితాంతం నయమైందని అర్థం కాదు, కొందరికి మళ్ళీ వచ్చింది. ఇంకో మాట. ఇది బి-కణాల రక్త క్యాన్సర్లకు మాత్రమే. గుట్కా, తంబాకు వల్ల మన పేటలో వచ్చే నోటి క్యాన్సర్‌కు ఇది పనిచేయదు. దానికి వేరే వైద్యం ఉంది, తొందరగా వెళితే పనిచేస్తుంది. మన జిల్లాలోనే బార్షీలో ఆసుపత్రి ఉంది. 1987 నుంచి టాటా వాళ్ళ సాయంతో అక్కడ పల్లెల క్యాన్సర్ లెక్కలు రాస్తున్నారు. మన పేట నుంచి ఎంతమంది అక్కడికి పరీక్షకు వెళ్ళారో చేతులెత్తండి.

పెద్దాయన భయం ఉత్తదని నేను అనను. మన తెలుగు నేల మీదే జరిగింది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది హాస్టల్ పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారని తెలిసి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. అయినా, అడగకుండా సంతకం పెట్టించిన తప్పు తప్పే కదా, పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది. 2011లో పిడుగురాళ్ళ పేద ఆడవాళ్ళ మీద కొద్దిపాటి డబ్బుకు మందులు పరీక్షించిన సంగతి కూడా పేపర్లలో వచ్చింది. కోపం రావలసిందే.

కానీ ఆ కోపం వల్లనే నిబంధనలు మారాయి. 2019 కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చదవండి. ట్రయల్ మొదలుకాకముందే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ జాబితాలో నమోదు కావాలి, ఎవరైనా ఫోనులో చూడవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. రోగికి అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆపకూడదు. ఖమ్మం పిల్లల పేరు చెప్పి పారిపొమ్మనేవాళ్ళు, ఆ పిల్లల వల్ల మనకు దక్కిన ఈ హక్కుల గురించి ఒక్క ముక్క చెప్పరెందుకు?

భాష గురించి నేను ప్రత్యేకంగా రాయాలి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక నా భార్య నేర్పింది, మరాఠీ ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఒక కాగితం మీద రాసింది అర్థం కాకుండా సంతకం పెట్టడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మన ఇళ్ళలో మాట తెలుగు, బడి మరాఠీ, పెద్ద ఆడవాళ్ళలో చాలామందికి ఏదీ చదవడం రాదు. కాగితం మరాఠీలో, హిందీలో వస్తుంది. తెలుగులో చదివి వినిపించమని అడిగే హక్కు ఉంది. చదువురానివాళ్ళకు సాక్షి ఉండాలని నిబంధనే ఉంది. ఆ సాక్షిగా సంఘం మనిషి ఎందుకు కూర్చోకూడదు? మన సంఘంలో డాక్టర్లు, లాయర్లు ఎంతమంది? సన్మానానికి శాలువా కప్పించుకోవడానికి వస్తారు కదా, ఒక గంట కాగితం చదవడానికి రారా?

ఇప్పుడు డబ్బు. నా అసలు కోపం ఇక్కడ ఉంది. అమెరికాలో 2017లో ఇలాంటి మొదటి మందుకు పెట్టిన ధర 4,75,000 డాలర్లు. మన దగ్గర 30 నుంచి 40 లక్షల మధ్య అన్నారు. చవక అని చప్పట్లు కొట్టాం. సాంచె మీద నెలకు 15 వేలు వచ్చే మనిషి అనుకోండి. తిండి మానేసి అంతా దాచినా 40 లక్షలకు 22 ఏళ్ళు పడుతుంది. మహాత్మా ఫులే పథకం కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. మిగతా 35 ఎవడిస్తాడు? ఈ ట్రయల్‌కు జాతీయ బయోఫార్మా మిషన్ ద్వారా 19.15 కోట్ల ప్రభుత్వ సొమ్ము మంజూరైంది. అది మనం కొన్న సబ్బు మీద, నూలు మీద కట్టిన పన్ను. అందుకే ధర ఎంత, పేదవాడికి ఎంత అని అడిగే హక్కు మనకుంది. కంపెనీని తిట్టమని నేను అనడం లేదు, ప్రభుత్వాన్ని అడగమంటున్నాను.

చూడండి, ట్రయల్‌లో ఉన్నప్పుడు ఆ కణాలకు రోగి ధర కట్టనక్కరలేదు. మందు బజారులోకి వచ్చాక 40 లక్షలు. ఉచితంగా దొరికే రోజు "ఎలుకలు" అని పారిపోయి, ధర పెట్టిన రోజు "గరీబోళ్ళకు అందదా" అని ఏడిస్తే ఎవరు వింటారు? ధర తగ్గించే దారి కూడా ట్రయల్సే. వేలూరు సీఎంసీలో ఐసీఎంఆర్ సాయంతో వెల్‌కార్ట్ అనే ట్రయల్ చేశారు. కణాలను దూరపు కంపెనీకి పంపకుండా ఆసుపత్రిలోనే సుమారు 9 రోజుల్లో తయారుచేశారు. ఇలాంటివి నిలబడితేనే ఖర్చు దిగుతుంది. అవి నిలబడాలంటే రోగులు చేరాలి, లెక్క తేలాలి.

"రాత ఎలా ఉంటే అలా" అని ఒకాయన కింద రాశాడు. మనం మార్కండేయుని వంశం అని చెప్పుకుంటాం, నారళి పున్నమికి రథం లాగుతాం. ఆ పిల్లవాడికి రాసింది పదహారేళ్ళే. రాత అని ఊరుకొని ఉంటే ఆయనకు రథమెందుకు, మన సోలాపూరులో గుడెందుకు?

వెళ్ళేవాళ్ళకు అవసరాలు చాలా ఉంటాయి. నెల రోజులకు పైగా ఆసుపత్రి దగ్గరే ఉండాలి. తోడు మనిషి కూలి పోతుంది. ప్లేట్‌లెట్లు, రక్తం ఇచ్చేవాళ్ళు కావాలి. గది కావాలి. టాటా సామాజిక విభాగంలో ఎవరిని కలవాలి, కేంద్రం వారి రాష్ట్రీయ ఆరోగ్య నిధికి ఏ కాగితాలు కావాలి, ఎవరు చెబుతారు? సంఘం హాలుకు రెండో అంతస్తు వేయడానికి చందా పుస్తకం తిరుగుతోంది. వేయండి. కానీ ముంబైలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మన కుర్రాళ్ళ జాబితా ఒకటి తయారుచేయడానికి రూపాయి ఖర్చు లేదు. రక్తం ఇవ్వడానికి పదిమంది చాలు. ఇది మూడేళ్ళ కింద సభలో కూడా అడిగాను, మినిట్స్‌లో రాశారు, అంతే.

నాకు తెలిసిన పని ఒకటుంది, అది నేను చేస్తాను. క్యాన్సర్ రోగి వైద్యానికి వెళితే రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీలో రోగికి పూర్తి రాయితీ, తోడు ఒకరికి 75 శాతం. డాక్టరు రైల్వే నమూనాలో సర్టిఫికెట్ రాసి ముద్ర వెయ్యాలి. కౌంటరులో కూర్చున్న రోజుల్లో, గుండు చేసిన పిల్లలను ఎత్తుకొని పూర్తి డబ్బు కట్టే మన వాళ్ళను ఎంతమందిని చూశానో. అడిగితే "మాకెవరూ చెప్పలేదన్నా" అనేవారు. ముంబైకి రాత్రి సిద్ధేశ్వర్ ఎక్కితే తెల్లారి దాదర్‌లో దిగవచ్చు, పరేల్ పక్కనే. వేలూరుకైతే జయంతి జనతా మన సోలాపూరు మీదుగానే కాట్పాడి పోతుంది. ఆ ఊరిలో నాకు తమిళం ఉంది, తోడు నేనే వస్తాను.

పెద్దాయనకు ఒక్క విన్నపం. మీ మీద నాకు కోపం లేదు, మీరు నాకన్నా వయసులో పెద్దవారు. ఆ మెసేజ్ తీసేయండి, లేదా ఆ అమ్మ ఇంటికి నాతో రండి. కాగితం ముందు పెట్టుకొని మీకున్న ప్రశ్నలన్నీ రాయండి. ఈ మందు ఎంతమందికి ఇచ్చారు, ఎంతమంది చనిపోయారు, ఖర్చులో ఏది వాళ్ళది, ఏది మనది, మధ్యలో మానుకుంటే ఏమవుతుంది. నేను వాటిని మరాఠీలో రాసి ఆమె చేతికిస్తాను. జవాబులు నచ్చకపోతే వద్దనండి, అప్పుడు నేనూ మీ పక్కనే నిలబడతాను.

డాక్టరు ఆమెకు వచ్చే సోమవారం దాకా గడువిచ్చాడు. రైల్వే రాయితీ ఫారాలు పది కాపీలు తీసి పెట్టాను. ఆదివారం పొద్దున పదకొండు దాకా ఇంట్లోనే ఉంటాను.