లెక్క పోలవరం దాటాలి

గోదారి సముద్రానికి మోసుకెళ్లిన ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు. 1990లకు అది 6 కోట్ల లోపుకు పడిపోయింది. ఎగువ ఆనకట్టల దగ్గర మట్టి ఆగిపోతోంది, పొలాల్లో చల్లిన ఎరువు మాత్రం కిందికే వస్తోంది. వాన, వాలు, నేల తీరు, ఎరువుల వాడకం కంప్యూటర్‌కెక్కిస్తే ఎంత నత్రజని, భాస్వరం కడలికి చేరేదీ అంచనా కట్టవచ్చు. బాగానే ఉంది. కానీ నదిలో ఒండ్రు కొలిచేది పోలవరం దగ్గర. డెల్టా వరిచేల యూరియా, రొయ్యల చెరువుల మురుగు కలిసేది దానికి దిగువన. ఆ డ్రెయిన్లను వదిలేసి వేసేది సగం లెక్కే. యానాం పుదుచ్చేరిది, చుట్టూ ఆంధ్ర. ఏటికి ఆ తేడా ఏం తెలుసు? నాచు ముదిరి నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే ఖాళీ వల లాగేది గౌతమి ఒడ్డు మత్స్యకారులే. పులస ధర ఏటా ఊరంతా చెప్పుకునేదే, అది ఈదే నీటి సంగతో? రెండు ప్రభుత్వాలూ కలిసి వరద నెలల్లో యానాం రేవులో నమూనాలు తీయించాలి, ఆ అంకెలు జనం ముందు పెట్టాలి.