ఆర్‌ఎక్స్‌కి దండలు, టీవీఎస్ 50కి తక్కెడా?

మన సింగానల్లూరులో పాత ఆర్‌ఎక్స్ 100 పోతే చాలు, అన్నలందరి తలలూ అటే తిరుగుతాయి. 1985లో వచ్చిన 98 సీసీ బండి, 1996తో తయారీ ఆగింది. ఇప్పటికీ దానికి కొత్త రంగు, ఆదివారం షికారు. మంచిదే. కానీ హోసూరులో 1980లో పుట్టిన టీవీఎస్ 50 కూడా టూ స్ట్రోకే కదా! దాన్నెందుకు పాత ఇనుముకి తూచి అమ్మేస్తారు?

చిన్న ఇంజిన్, తక్కువ బరువు, గేర్లు మార్చే పనే లేదు. అందుకే చీర కట్టుకున్నవాళ్ళకీ అది చేతికొచ్చింది. ముందు గడ్డిమోపు, వెనక బిడ్డ. తోట గట్టయినా తిరుచ్చి రోడ్డయినా లాగేసింది. తోడు కోసం ఎదురుచూడకుండా మా అవ్వ బయటికి పోయింది దాని మీదే.

పొగ వస్తుంది, నిజమే. పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది, కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. అందుకే రోజూ నడపమని నేను అనను. ఆర్‌ఎక్స్‌దీ అదే పొగ. మరి దాచుకునేటప్పుడు మగపిల్లల బండికొక న్యాయం, ఆడవాళ్ళ బండికొక న్యాయం ఏమిటి?

మీ ఇంటి వెనక ఒకటుంటే ఇనుమువాడు రాకముందే తుడిచి పెట్టండి. నడిపినవాళ్ళని అడిగి వాళ్ళ కథ ఈ గోడపత్రికకి రాసివ్వండి.