వైద్య మండలులు - రోగి మొర

రోగి తన ప్రాణమును వైద్యుని చేతిలో నుంచుచున్నాడు. న్యాయవాది యొద్దకు పోవువాడు ఆస్తిని మాత్రమే అప్పగించును. వైద్యుని యొద్దకు పోవువాడు దేహమునే అప్పగించును. అట్టి చేతికి అధికార మెవరిచ్చిరి? అది దారి తప్పినప్పుడు అడుగువా రెవరు? ఈ ప్రశ్నలకు సమాధానముగా పుట్టినవే వైద్య మండలులు. వీని చరిత్ర మన పాఠకులలో పెక్కుమందికి తెలియదు. తెలియవలసిన చరిత్ర యిది.

ఆంగ్లదేశమున 1858లో జనరల్ మెడికల్ కౌన్సిలు ఏర్పడెను. ఆ పద్ధతి ననుసరించి బొంబాయిలో 1912లోను, మద్రాసు రాజధానిలో 1914లోను వైద్యుల రిజిస్ట్రేషను చట్టములు వచ్చెను. 1930లో లండను కౌన్సిలు మన విశ్వవిద్యాలయముల వైద్య పట్టములకు గుర్తింపు తీసివేసెను. మన విద్యను తూచు త్రాసు పరుల చేతిలో నుండుట యెంతటి అవమానమో దేశము అప్పుడు గ్రహించినది. 1933లో భారత వైద్య మండలి చట్టము పుట్టెను. అయితే ఆనాటి పాశ్చాత్య పద్ధతి వైద్యులలో అధిక సంఖ్యాకులైన లైసెన్షియేటులకు ఆ చట్టము తలుపు మూసినది. పరుల తిరస్కారమునకు నొచ్చుకొన్న మనము, మనవారినే గుమ్మము వెలుపల నిలిపితిమి!

స్వాతంత్ర్యానంతరము 1956లో క్రొత్త చట్టము వచ్చెను. ఆ చట్టము క్రింది మండలిని అవినీతి యారోపణల నడుమ 2010లో కేంద్ర ప్రభుత్వము తొలగించవలసి వచ్చెను. 2018లో మరల తొలగించెను. 2019 చట్టము ననుసరించి 2020 సెప్టెంబరు 25వ తేదీన జాతీయ వైద్య కమిషను పని ప్రారంభించినది. పేరు మారినది, పీఠము మారినది. రోగి గతి మారినదా యనునదే మన ప్రశ్న.

వైద్యుల పేర్లు నమోదు చేయుట, వారి నడవడిపై ఫిర్యాదులు విచారించుట ముఖ్యముగా రాష్ట్ర మండలుల పని. ఆంధ్రప్రదేశమునకు, తెలంగాణమునకు వేర్వేరు మండలులు కలవు. తప్పు రుజువైనచో మండలి వైద్యుని హెచ్చరింపవచ్చును. కొంతకాలమో, శాశ్వతముగనో ఆతని పేరు పట్టికనుండి తొలగింపవచ్చును. 2002 నాటి నియమావళి చాల మంచి మాటలు చెప్పినది. ఆసుపత్రిలో చేరిన రోగి వైద్య పత్రములను మూడేండ్లు భద్రపరుపవలెను. రోగి కోరినచో 72 గంటలలో ఈయవలెను. ఫిర్యాదును ఆరు నెలలలో తేల్చవలెను. మందుల కంపెనీల కానుకలు ముట్టరాదని 2009లో మరియొక నియమము చేరినది. 2023 ఆగస్టులో దీనికి బదులుగా క్రొత్త నియమావళి ప్రకటింపబడి, ఆ నెలలోనే నిలిపివేయబడెను.

ఇన్ని నియమము లుండియు రోగికి మిగిలిన దేమి? 2019 చట్టము 30వ సెక్షనులో, రాష్ట్ర మండలి నిర్ణయముపై అప్పీలు చేసికొను హక్కు వైద్యునకు స్పష్టముగా ఈయబడినది. రోగి ఊసు అందు లేదు. శిక్ష పడిన వైద్యునకు పైమెట్టు కలదు. ఫిర్యాదు కొట్టివేయబడిన రోగికి ఆ చట్టము మెట్టు చూపలేదు. ఇది ఒంటి చక్రపు బండి. నష్టపరిహార మిప్పించు అధికారము మండలికి లేనే లేదు. 1995లో సుప్రీం కోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టము క్రిందికి తెచ్చుటచేత రోగికి అట్టి యొక దారి తెరచుకొన్నది.

మరియొక వింత చూడుడు. ఆర్.ఎం.పి. యను మాటకు రిజిస్టరైన వైద్యుడని యర్థము. మన తెలుగు పల్లెలలో ఏ పట్టికయందును పేరు లేని వైద్యునికే ఆ పేరు స్థిరపడినది! అర్హత లేక వైద్యము చేయువారికి 2019 చట్టము ఏడాది వరకు ఖైదు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా విధించుచున్నది. శిక్ష న్యాయమే. కాని అర్ధరాత్రి జ్వరము వచ్చిన కూలివానికి అర్హుడైన వైద్యుని అందుబాటులో నుంచకుండ శిక్షతోనే సరిపెట్టుకొను ప్రభుత్వము సగము ధర్మమునే నెరవేర్చినది.

మేము వైద్యులకు విరోధులము కాము. చికిత్స ఫలింపనంత మాత్రమున వైద్యుడు దోషి కాడు. తీవ్రమైన నిర్లక్ష్యము లేనిదే ఆతనిని నేరస్థునిగా బోనులో నిలుపరాదని 2005లో సుప్రీం కోర్టు చెప్పినది సబబు. ఆసుపత్రులపై పడి కొట్టుట అనాగరికము. అయితే న్యాయపీఠము తలుపు మూసికొన్నచోటనే వీధి న్యాయము తలయెత్తునని మండలులు మరువరాదు. నిష్పాక్షికమైన విచారణ రోగికెంత రక్షయో సచ్చీలుడగు వైద్యునకును అంత రక్ష.

కావున మేము కోరునవి మూడు. రోగికిని అప్పీలు హక్కు చట్టములో వ్రాయవలెను. ప్రధానముగా వైద్యులే కూర్చుండు విచారణలలో వైద్యేతరులైన పెద్దమనుషులకును చోటీయవలెను. ఏటేట వచ్చిన ఫిర్యాదు లెన్ని, తేలిన వెన్ని, ఆరు నెలలు దాటిన వెన్ని యను లెక్కను తెలుగులో ప్రకటింపవలెను. పట్టికలో వైద్యుని పేరు వ్రాయునది మండలియే యైనను, ఆ పేరునకు విలువ నిచ్చునది ప్రజల నమ్మకము. ఆ నమ్మకమునకు మండలులు ధర్మకర్తలే కాని యజమానులు కారు.