గృహవిజ్ఞానము: నకలు తీసిన మాట ఎచ్చట నిలిచియుండును?



మా పొరుగున నొక వృద్ధురాలు గలరు. ఆమె భర్తగారు దక్షిణమధ్య రైల్వేలో ఉద్యోగము చేసి గతించిరి. ఆ రైల్వే 1966లో సికింద్రాబాదు ముఖ్యస్థానముగా నేర్పడినది గదా. మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ ప్రాంతములలో కుటుంబపు పింఛనుపై కాలము గడుపుకొను స్త్రీలను మనమెందరినో యెరుగుదుము. గత నవంబరులో ఆమె పింఛను పత్రములోని పేరునకును, బ్యాంకు పుస్తకములోని పేరునకును ఒక అక్షరము తేడా వచ్చినది. దానిని సరిచేయుమని ఈమెయిలు ద్వారా అర్జీ పంపవలసియుండగా, నన్ను వెంటబెట్టుకొని వీధి చివరనున్న నెట్ సెంటరునకు వెళ్లిరి.

ఆమె సంచిలోనుండి ఒక్కొక్క కాగితమే తీసి యందించుచుండగా నేను అర్జీ టైపు చేసితిని. అర్ధగంట పట్టినది. పిదప అర్జీ నంతటిని ఎంచి, కత్తిరించి, ఆ పుటను మూసివేసి, ఈమెయిలు తెరచితిని. ఇంతలో కార్యాలయపు చిరునామా కావలసి, దానిని వేరొకచోట నకలు తీసితిని. తరువాత అర్జీని అతికింపబోగా చిరునామా మాత్రమే వచ్చినది! అర్జీ ఏమైనదో తెలియదు. ఆ పెద్దామె ముఖము చిన్నబోయినది.

అప్పుడు నాకొక ఉపాయము తోచి, విండోస్ గుర్తు గల మీటను పట్టి ‘వి’ అక్షరమును నొక్కితిని. తెరమీద ఒక చిన్న గడి తెరచుకొన్నది. అందు మొదట చిరునామాయు, దాని క్రిందనే మా అర్జీయు నున్నవి. దానిపై నొక్కగానే అర్జీ అంతయు ఒక అక్షరమైనను చెడక మరల వచ్చినది.

అయితే మా అర్జీకి దిగువన మరికొన్ని వ్రాతలు గలవు. అవి మావి కావు. ఎవరిదో బ్యాంకు ఖాతా సంఖ్య, ఇంకొకరి ఆధార్ సంఖ్య, పాస్‌వర్డు వలె కనబడు అక్షరములు, వాని క్రింద ఒక ఆడుబిడ్డ తల్లికి వ్రాసిన జాబు. “నగలు తాకట్టు పెట్టిన సంగతి నాన్నగారికి చెప్పకమ్మా” యను పంక్తి నా కంటబడినది. పెద్దామె వెంటనే చేయి అడ్డుపెట్టి, “ఎవరి బిడ్డో పాపము! మనము చదువరాదమ్మా” అనిరి. ఆ బిడ్డ యెవరో మాకు తెలియదు; తెలిసినను అది మేము వినదగిన సంగతి కాదు. మేము చేయగల మేలు ఆ వ్రాతలను తుడిచివేయుటయే. అట్లే చేసితిమి. సెంటరు నడుపు అబ్బాయికి చెప్పగా, ఇట్టి గడి యొకటి కలదని తన కిదివరకు తెలియనే తెలియదనియు, యంత్రమును దినముల తరబడి ఆపకయే యుంతుననియు చెప్పెను. అతని యెడ దురుద్దేశము లేదు. తెలియకపోవుటయే దోషము.

ఈ సంగతి తెలియవలసినది అతనికి మాత్రమే కాదు, మనకును. కావున కొంచెము వివరించెదను.

కత్తిరించుట, అతికించుట యను మాటలు పుస్తకములు అచ్చువేయువారి బల్లలనుండి వచ్చినవి. పూర్వము సంపాదకులు వ్రాతప్రతిని కత్తెరతో కోసి, జిగురుతో వేరొకచోట అంటించెడివారు. 1970 దశకములో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు ఒక పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థ కొరకు ‘జిప్సీ’ యను వ్రాతసాధనమును నిర్మించి, ఆ పనినే కంప్యూటరునకు నేర్పిరి. టెస్లర్ 2020లో గతించిరి. నకలు తీసిన మాట అతికించువరకు నిలిచియుండు చోటునకే క్లిప్‌బోర్డు అని పేరు.

చిరకాలము వరకు ఆ చోట ఒక్క వస్తువే పట్టెడిది. రెండవది రాగానే మొదటిది పోయెడిది. నా అర్జీ పోయినదని నేను భయపడుటకు కారణ మదియే. 2018 అక్టోబరులో విండోస్ 10నకు వచ్చిన మార్పుతో ఈ చోటునకు జ్ఞాపకము కలిగినది. విండోస్ 11లోను అది కలదు. మనము నకలు తీసినవి 25 వరకు వరుసగా నిలిచియుండును. అంతకు మించినచో పాతవి తొలగిపోవును. వ్రాతలును, 4 మెగాబైట్లకు మించని బొమ్మలును ఇందు చేరును. కంప్యూటరును రీస్టార్టు చేసినప్పుడు, పిన్ను గుచ్చి యుంచినవి తప్ప తక్కినవి పోవును.

దీనిని చూచు విధము సులభము. విండోస్ మీటయు ‘వి’ మీటయు కలిపి నొక్కవలెను. ఇదివరకు ఎన్నడును వాడనిచో, దీనిని ఆరంభింతువా యని యంత్రమే అడుగును. కావలసిన దానిపై నొక్కిన అది అతుకును. నిత్యము పనికివచ్చు ఇంటి చిరునామా వంటి దానికి పిన్ను గుర్తు నొక్కి యుంచుకొనవచ్చును. ఒక్కదానిని తీసివేయవలెనన్న దాని ప్రక్కనున్న మూడు చుక్కలను నొక్కి తొలగింపవలెను. ‘క్లియర్ ఆల్’ నొక్కినచో అన్నియు పోవును గాని పిన్ను గుచ్చినవి పోవు; వానిని వేరుగా తొలగింపవలెను. ఈ జ్ఞాపకమే వలదనుకొన్న సెట్టింగులలో సిస్టమ్, అందు క్లిప్‌బోర్డు తెరచి ఆపివేయవచ్చును. వేరు యంత్రములకును ఈ నకళ్లను పంపు ఏర్పాటొకటి అచ్చటనే యుండును. అక్కర లేనిచో దానిని తెరువకుండుట మేలు.

చేతిఫోనులోను ఇట్టిదే కలదు. జీబోర్డు అను మీటల పలకలో క్లిప్‌బోర్డు తెరచియుంచినచో, నకలు తీసినవి ఒక గంటసేపు నిలిచి పిదప పోవును. పిన్ను గుచ్చినవి మాత్రము మనము తీసివేయువరకు నుండును.

ఇక మన గృహములలో పాటింపదగినవి మూడు. మొదటిది: నెట్ సెంటరులో గాని, పరుల కంప్యూటరులో గాని పని ముగియగానే ఈ గడిని తెరచి మన వ్రాతలను తుడిచి లేవవలెను. ఈమెయిలునుండి బయటికి వచ్చినంత మాత్రమున ఇవి పోవు. రెండవది: పాస్‌వర్డును నకలు తీసి అతికింపక చేతితోనే టైపు చేయుట మంచిది. మూడవది: ఇంటిల్లిపాదియు ఒక్క కంప్యూటరునే వాడుచోట ఎవరి ఖాతా వారికి వేరుగా నుండవలెను. మామగారి వైద్యుని చీటీయు, కోడలు పుట్టింటికి వ్రాసిన జాబును, పిల్లల పాఠమును ఒక్క గడిలో పడియుండుట ఎవరికిని హితము కాదు. ఇందు అనుమానమునకు తావు లేదు. ఒకరి జాబు వేరొకరు విప్పి చూడకుండుట మన యిండ్లలో నున్న మర్యాదయే గదా!

ఆనాడు అర్జీ పంపి, డబ్బు చెల్లించి లేచితిమి. గుమ్మము దాటుచుండగా పెద్దామె నిలిచి, “అందరివీ తుడిచితివి సరే. తరువాత నా ఖాతా నెంబరు మరల నకలు తీసితివి గదా, అది తుడిచితివా అమ్మాయీ?” అని యడిగిరి. నిజమునకు నేను మరచితిని. వెనుకకు వెళ్లి తుడిచివచ్చితిని.