ఖాలా అల్లిన స్వెటరు

మా ఖాలా డెబ్బది ఏండ్లు దాటినవారు. ఒక కంటికి శుక్లం తీయించుకున్నారు. అయినప్పటికీ మా చెల్లెలు గర్భవతి అని తెలిసిన నాటి నుండి రోజుకు నాలుగు వరుసల చొప్పున అల్లి, చిల్లా నాటికి బిడ్డకు ఉన్ని స్వెటరు, టోపీ సిద్ధం చేశారు. తొడిగిన పావుగంటకే పాప గుక్కపట్టి ఏడ్చింది. విప్పి చూడగా మెడ చుట్టూ ఎర్రని గీత. చెల్లెలు ఏమీ అనలేక స్వెటరును పెట్టె అడుగున దాచింది. ఖాలా మాత్రం ఎప్పుడు వచ్చినా ముందుగా బిడ్డ ఒంటి మీదికే చూసేవారు. అడిగేవారు కాదు. అదే మాకు మరింత కష్టంగా ఉండేది.

పారవేయలేని, తొడగలేని ఇట్టి స్వెటర్లు మన ఇండ్లలో ఎన్నో ఉంటాయి. వాటిని మెత్తపరచే మార్గం ఉన్నది. అయితే ముందు ఆ దారమేమిటో తెలుసుకోవాలి. దుకాణాలలో ‘ఉలన్’ పేరుతో అమ్మే ఉండలలో అధికభాగం ఉన్ని కాదు, ఆక్రిలిక్. మిగిలిన దారపు ముక్కను పటకారుతో పట్టి నిప్పుకు చూపండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అది ఉన్ని. కరిగి గట్టి పూసవలె ముద్దకడితే ఆక్రిలిక్. ఆక్రిలిక్‌కు తేలికపాటి సబ్బునీటి ఉతుకు చాలు, ఇస్త్రీ తగలనీయరాదు. ఇకపై చెప్పబోయేది అసలైన ఉన్ని గురించి.

ఉన్ని పోగు మీద చేప పొలుసులవంటి సన్నని పొరలుంటాయి. సబ్బు, సోడా వంటి క్షారాలు తగిలితే అవి లేచి నిలబడి గరుకెక్కుతాయి. వేడినీరు, రుద్దుడు తోడైతే ఒకదానిలో ఒకటి చిక్కుకొని వస్త్రమే కుంచించుకుపోతుంది. ఒకప్పుడు మేమే ఒక చిన్న స్వెటరును మరిగిన నీటిలో, బట్టల సోడాతో ఉతికి బొమ్మకు సరిపోయేటట్లు చేసి కూర్చున్నాము!

కనుక ఈసారి జాగ్రత్త పడ్డాము. అర బకెట్టు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా పిల్లల షాంపూ కలిపి, స్వెటరును అరగంట నానబెట్టాము. రుద్దలేదు, మెల్లగా అదిమాము, అంతే. అంతే వెచ్చదనం గల నీటితో రెండుసార్లు జాడించి, మరో అర బకెట్టు నీటిలో రెండు పెద్ద చెంచాల తెల్ల సిర్కా కలిపి పది నిమిషాలు ఉంచాము. సిర్కా పులుపు మిగిలిన క్షారాన్ని విరుస్తుంది, పొలుసులు అణగుతాయి. పిమ్మట తలకు రాసుకునే, సువాసన లేని కండిషనరు ఒక చెంచా నీటిలో కరిగించి మరల నానబెట్టి, జారుడు పోయేవరకు జాడించాము. పిండరాదు. తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో మంచంపై పరచి ఆరబెట్టాలి. దండెం మీద వేస్తే నీటి బరువుకు సాగిపోతుంది. క్లోరిన్ కలిసిన బ్లీచింగ్ మాత్రం ఉన్నిని తినివేస్తుంది, దగ్గరకు రానీయవద్దు.

రెండు ఉతుకులకు మా స్వెటరు చాలావరకు మెత్తబడింది. పూర్తిగా కాదు. పోగు లావును ఏ కండిషనరూ తగ్గించలేదు గదా! సుమారు 30 మైక్రానులకు మించిన పోగు వంగక చర్మాన్ని పొడుస్తుంది. మేలైన మెరీనో పోగు 20 లోపే ఉంటుంది. మన దక్కన్ గొర్రె ఉన్ని గొంగడికి తగినదే గాని పసిబిడ్డ మెడకు తగదు. అందుచేత మెడపట్టీకి, ముంజేతి అంచులకు లోపలివైపు పాత నూలు చీర ముక్కను చిన్న కుట్లతో కుట్టి, లోపల పొడుగు చేతుల నూలు జుబ్బా తొడిగాము. టోపీ బయటకు వెళ్ళేటప్పుడే, నిద్రలో తీసివేయాలి. దద్దురు తగ్గకుంటే వైద్యునికి చూపించాలి.

మరొక మాట, మృదుత్వం కంటె ముఖ్యమైనది. పెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన వస్త్రాన్ని తీసిన వెంటనే శిశువుకు తొడగరాదు. వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి వలన, జి6పిడి అనే ఎంజైము కొరత గల శిశువులలో ఎర్ర రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చును. కొరత ఉన్నదని తల్లిదండ్రులకు ముందుగా తెలియకపోవచ్చు. పసివారి బట్టలను ఆ ఉండలు లేకుండా, మురికి లేకుండా ఉతికి, బాగా ఆరబెట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. పురుగు మురికి ఉన్నినే ముందు వెతుకుతుంది.

ఆ శుక్రవారం ఖాలా వచ్చేసరికి పాప ఒంటిపై స్వెటరు ఉన్నది. ఆమె మెడపట్టీ తిప్పి చూసి, “ఈ గుడ్డ ఎందుకు వేశారమ్మా?” అన్నారు. చెల్లెలు ఉన్నదున్నట్లు చెప్పింది. ఖాలా కాసేపు ఊరకుండి, “ఆ రోజే చెప్పవద్దూ, పిల్ల అన్నాళ్ళు చలికి ఉన్నదా?” అని కోప్పడ్డారు. ఇప్పుడు ఆమె దుకాణానికి వెళితే దారపు ఉండను మొదట తన మెడకు ఆనించి చూస్తున్నారట.