దూది పెట్టుకుంటే సరిపోతుందా?

మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లిలో డోలు వాయించే పెద్దాయన్ని "బాబాయిగారూ, కాఫీ తీసుకోండి" అని మూడుసార్లు పిలిచాను. నాదస్వరం కుర్రాడు భుజం తడితేగానీ తిరగలేదు. "ముప్ఫయ్యేళ్ల డోలమ్మా, చెవుల్లో ఎప్పుడూ కీచురాళ్లే" అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు.

చెవులకి బిరడాలు పెట్టుకోమంటే మన రసికులకి ఎక్కడలేని కోపం! సంగీతానికి అపచారమట. చెవే పోయాక సంగీతం ఎక్కడుంటుందండీ? 85 డెసిబెల్స్ మోతని రోజుకి 8 గంటలు భరించవచ్చంటారు. ఆపైన 3 పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది. 100కి చేరిందా, ఇక పావుగంటే! లోపలి చెవిలో చచ్చిన రోమకణాలు మళ్లీ మొలవవు.

దూదంటారా, అది మన తృప్తికే. స్పాంజి బిరడాలు మోతని ఆపుతాయి, నిజమే. కానీ పైస్థాయి స్వరాలనే ఎక్కువగా మింగేస్తాయి. నాదస్వరం దుప్పటి కప్పుకుని పలికినట్టుంటుంది. వాద్యగాళ్లు విసుక్కుని పీకేస్తే తప్పు వాళ్లదా? అందుకే 1988లో అమెరికాలో ఎటిమోటిక్ సంస్థ అన్ని స్థాయిలనీ ఇంచుమించు సమంగా 15 డెసిబెల్స్ తగ్గించే రకం తెచ్చింది. చెవి అచ్చు తీసి చేస్తారు. కొనాల్సింది అలాంటివి.

2012లో వాగ్నర్ సంగీతం రిహార్సల్లో చెవి దెబ్బతిన్న వయోలా కళాకారుడికి లండన్ హైకోర్టు 2018లో న్యాయం చేసింది. తప్పు రాయల్ ఒపేరా హౌస్‌దేనంది. మన డోలు బాబాయి ఏ కోర్టుకెక్కుతాడు? పువ్వుల పందిరికి లక్షలు పోసే మనమేగా ఆయన యజమానులం!

వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. పందిరికంటే ముందు ఆ కుర్రాడి చెవులకి అచ్చు తీయిద్దామన్నాను మావారితో.

"ఎంతవుతుందట?" అన్నారు, పేపరు దించకుండానే.