విషమే ఊపిరిగా

ఊపిరి అనగానే మనకు స్ఫురించేది గాలి. అది అందని చోట ప్రాణం నిలవదని భావిస్తాం. అయితే ఆర్సెనిక్ వంటి విషాన్నే ఊపిరిగా చేసుకొన్న సూక్ష్మజీవులు కూడా ఈ భూమి మీద ఉన్నాయి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో, సియెరా నెవాడా పర్వతాలకు తూర్పున మోనో అనే సరస్సు ఉంది. కొండవాగులు అందులో వచ్చి కలుస్తాయి గాని, బయటికి పోయే దారి లేదు. నీరు ఆవిరైపోతుంది, లవణాలు మిగిలిపోతాయి. వేల ఏళ్లుగా ఇలా జరగడంతో ఆ నీరు సముద్రజలం కంటే రెండు మూడు రెట్లు ఉప్పగా, చాకలిసోడా కలిపినట్లు క్షారంగా మారింది. అందులో లీటరుకు సుమారు 15 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితికి ఇది దాదాపు 1,500 రెట్లు.

చేపలు సైతం బతకని ఆ సరస్సు అడుగు బురదలో కనుగొన్న రెండు రకాల బ్యాక్టీరియాను శాస్త్రవేత్తలు 1998లో లోకానికి పరిచయం చేశారు. మన శరీరంలో ఆహారం శక్తిగా మారేటప్పుడు విడుదలయ్యే ఎలక్ట్రాన్లను చివరకు అందుకొనేది ఆక్సిజన్. శ్వాస వెనుక ఉన్న అసలు పని ఇదే. గాలి చొరని బురదలో ఈ జీవులకు ఆ పనిని ఆర్సెనిక్, సెలీనియం లవణాలు చేసిపెడతాయి.

దీనిని దూరదేశపు వింతగా భావించి ఊరుకోలేము. బంగ్లాదేశ్‌లోనూ, మన పశ్చిమ బెంగాల్‌లోనూ నేల పొరలలోని ఇనుపతుప్పును అంటిపెట్టుకొని ఆర్సెనిక్ ఉంటుంది. గాలి అందని లోతులలో సూక్ష్మజీవులు ఆ తుప్పును శ్వాసకు వాడుకొంటాయి. అప్పుడు ఆర్సెనిక్ విడివడి నీటిలో కలుస్తుంది. చెరువునీటి వల్ల పిల్లలు అతిసారంతో మరణిస్తున్నారని బంగ్లాదేశ్‌లో 1970ల నుండి లక్షలాది గొట్టపుబావులు వేశారు. మేలు కోరి వేసిన ఆ బావులే కోట్లాది ప్రజలకు విషాన్ని అందించాయి. తరువాత పరీక్షలు జరిపి, ప్రమాదకరమైన బావులకు ఎరుపు, సురక్షితమైన వాటికి ఆకుపచ్చ రంగు వేయవలసి వచ్చింది.

ఆర్సెనిక్‌కు నీటిలో రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినంత మాత్రాన అది పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మరింత చిక్కనవుతుంది. పరీక్ష ఒక్కటే దానిని బయటపెడుతుంది. ఇంటిల్లిపాదికీ నీరందించే బోరును తేటగా ఉందన్న ధీమాతో వదిలేయక, ఒకసారి పరీక్ష చేయించడం ఇంటి పెద్దలుగా మన మీద ఉన్న అమానతు.